లేసుసూది ఆత్మకథ

నేతకు యంత్రము వచ్చెను. కుట్టునకు యంత్రము వచ్చెను. రెండు సూదులతో స్వెట్టరు అల్లు పనికి సైతము యంత్రము వచ్చి ఎన్నియో తరములు గడచెను. కాని ఒక్క కొక్కెముతో, ఒక్క దారముతో, ఒక ఉచ్చులోనుండి మరియొక ఉచ్చును లాగుచు అల్లు క్రోషే అల్లికను యథాతథముగా చేయగల యంత్రము నేటివఱకును అంగడికి రాలేదు. చౌకగా దొరకు యంత్రపు లేసులు దాని రూపమును అనుకరించునే కాని దాని కుట్టును వేయజాలవు. కావున భూమిమీద ఎచ్చట క్రోషే అల్లిక కనబడినను, అందలి ప్రతి కుట్టును ఒక మనుష్యుని చేయి, తరచుగా ఒక స్త్రీ చేయి, వేసినదే యని నిస్సంశయముగా చెప్పవచ్చును. ఆ చేతిలో నేనో, నా జాతివారెవరో ఉండియే తీరవలెను. నేను లేసుసూదిని. నా కథ చెప్పుకొనుటకు నాకు గల అధికారము ఇంతియే; ఇది చాలునని నా నమ్మకము.

నేను పుట్టినది నరసాపురమున గాదు. ఇంగ్లండు నడిభాగమున వూస్టర్‌షైరు మండలమునందు రెడ్డిచ్ అను పట్టణము కలదు. పందొమ్మిదవ శతాబ్దిలో సూదుల తయారీకి లోకమంతట పెట్టినది పేరు ఆ పట్టణము. అచ్చట ఆరో నది నీటితో తిరుగు ఫోర్జ్ మిల్లులో సూదులను సబ్బుతోడను, ఎమరీ రజముతోడను కలిపి, గోనెగుడ్డలలో మూటలుగా చుట్టి, బరువైన దిమ్మెలక్రింద దొర్లించి దొర్లించి మెఱుగుపెట్టెడివారు. ఆ ఊరి ఉక్కుతీగయే నా శరీరము. తీగను తునిమి, ఒక కొనను గుండ్రముగా నునుపుచేసి, మెడకడ చిన్న గంటు పెట్టిరి. ఆ గంటే నాకు నోరును, జీవనాధారమును. నడుమ బొటనవ్రేలు ఆనుటకై కొంతమేర చదునుచేసి అందు అంకె ముద్రించిరి. ఉక్కుసూదులలో ఆ అంకె పెరిగినకొలది సూది సన్నమగును. నా తల ఒక మిల్లీమీటరు కంటె ఏమంత లావైనది కాదు. ఊలుదారమును పట్టు స్థూలకాయులు వేరు. నేను నూలుదారమునకు, అందును మెర్సిరైజు చేసిన నూలునకు పుట్టినదానను. లాంకషైరు వాస్తవ్యుడు జాన్ మెర్సర్ నూలును కాస్టిక్ సోడాలో నానబెట్టినచో బలమెక్కునని, రంగును బాగుగా పట్టునని కనిపెట్టి 1850లో పేటెంటు పొందెను. అట్లు నానునప్పుడు నూలును బిగలాగి పట్టినచో పట్టువంటి మెఱపు వచ్చునని శతాబ్దాంతమున మరియొకరు తెలిసికొనిరి. ఆ నునుపే లేకున్నచో నా సన్నని గంటులో దారము మాటిమాటికి చిక్కుకొని పోగులు విడిపోవును.

వసిష్ఠగోదావరి సాగరసంగమమునకు పోవు దారిలో నున్న నరసాపురమునకు ఈ విద్య వచ్చినది మిషనరీలవలన. స్కాట్లండునుండి వచ్చిన మెక్రే అను మిషనరీ దంపతులు 1844 ప్రాంతమున అచ్చటి స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరని చెప్పుదురు. అదే దశకమున ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి మహాక్షామము వాటిల్లగా, క్లోన్స్, కార్క్ మున్నగు తావులలో పల్లెపడుచులు నా జాతి సూదినే చేతబట్టి కుటుంబములను నిలుపుకొనిరి. రాణివాసములలో విలాసముగా చెలామణియైన అల్లిక, నిజమునకు ఆకలిగొన్న ఇండ్లలో పెరిగినది. గోదావరిసీమలోను అంతే. మొదట క్రైస్తవము స్వీకరించిన నిరుపేద కుటుంబముల స్త్రీలు నేర్చిరి. పిమ్మట, ఆడువారు పొలమునకు పోయి కూలి చేయుట గౌరవభంగముగా నెంచు కాపుల ఇండ్లకును ఇది ప్రాకెను. గడప దాటనక్కఱలేదు, దీపము చాలును, బిడ్డను ఒడిలో నుంచుకొనియు చేయవచ్చును. ఇన్ని సౌకర్యములున్న పని మఱియొకటి ఆ కాలమున ఆడువారికి దొరకినదికాదు. ఆ సౌకర్యములే పిదప ఆ పనిని పనిగా లెక్కపెట్టకుండుటకు సాకులైనవని నేను తరువాత చూచితిని.

నన్ను చేపట్టిన మామ్మగారు అక్షరజ్ఞానము లేనివారు. అల్లికకు కాగితముపై వ్రాసిన లిపి యొకటి కలదని ఆమెకు తెలియదు, తెలిసినను ఆమెకు దానితో పనిలేదు. నమూనా చేతికిచ్చిన చాలును. దానిని వెలుతురునకు ఎత్తి పట్టుకొని, తిరగవేసి, వ్రేలికొనతో వరుసలను తడిమి, ఏ కుట్టు ఏ కుట్టులోనుండి పుట్టినదో గ్రహించి, ఒక్క ముక్కయు మాటాడక అల్లుట కుపక్రమించెడివారు. ఆ వీధిలో పని పంపకము ఉండెడిది. ఒక ఇంట పువ్వులు అల్లుదురు, ఒక ఇంట అంచులు అల్లుదురు, మూడవ ఇంట వానిని కలిపి దుప్పటిగనో బల్లగుడ్డగనో రూపొందించు అతుకుపని చేయుదురు. ఏజెంటు దారమును తూచి ఇచ్చును. అల్లికను తూచి తీసికొనును. దారపు లెక్కన కూలి కట్టును. ఆ బల్లగుడ్డలు ఓడలెక్కి పరదేశములకు పోవునని మాత్రము అందరికిని తెలియును. ఏ బల్లమీద పఱచుదురో, దానిని చూచి ఎవరు సంతోషింతురో ఎవరికిని తెలియదు.

మా చేతిమీదుగా సాగిన అల్లికలన్నియు చిల్లుల అల్లికలే. లేసు అనగా సగము దారము, సగము ఆకాశము. అట్టి యింటికి ఒకనాడు ఏజెంటు అరచేతియంత చదరపు నమూనా నొకదానిని తెచ్చెను. చిల్లి యనునది ఎక్కడను లేదు. నడుమనుండి నలుమూలలకు కుట్లు క్రిక్కిఱిసి, ముట్టిన మెత్తగా, పట్టిన దళముగా నుండెను. పసిబిడ్డలకు కప్పు దుప్పటులకు ఇటువంటి చదరములు కావలెనట. చిల్లులున్నచో లేత వ్రేళ్లు చిక్కుకొనునట. కారణము విన్నంతనే మామ్మగారి ముఖమునందలి అనాదరము తొలగిపోయినది.

ఈ చదరమునకు ఒక అక్క కలదు. అమెరికాలో రైతులకై వెలువడిన ప్రెయిరీ ఫార్మర్ అను పత్రికలో 1885లో దాని అల్లిక విధానము అచ్చయినది. 1897లో ఇంగ్లండున వెల్డన్ ప్రకటించిన అల్లికల పుస్తకములోను అది కలదు. మూడేసి కుట్ల గుత్తులు, గుత్తికి గుత్తికి నడుమ చిల్లి, మూలలయందు మఱింత పెద్ద చిల్లి. మిగిలిపోయిన ఊలుముక్కలను పాఱవేయక వరుసకొక రంగుగా చేర్చుకొను గృహిణుల పొదుపునుండి పుట్టిన అందము అది. ఆ దేశములలో దానికి అవ్వచదరమని పేరు. గుత్తులను విడదీసి చిల్లులను పూడ్చి, ప్రతి కుట్టుమీద ఒక కుట్టు నిలిపినచో అదే నిండుచదరమగును. చూచుటకు ఇది సులభమని తోచును, అలంకారము లేదు గనుక. కాని చిల్లుల అల్లికలో పొరపాటు చిల్లిలో దాగును. నిండుచదరములో దాగుటకు చోటు లేదు. అనేక విధములైన లేసులను అల్లిన అనుభవముతో చెప్పుచున్నాను: చేతిని పరీక్షించుటకు దీనిని మించిన నికషోపలము లేదు.

అల్లిక విధమును కొంత నిదానముగా చెప్పుదును, నా బ్రతుకంతయు అందే యున్నది గనుక. సాధారణముగా నాలుగు చైనులు అల్లి వానిని ఉంగరముగా కలిపి ప్రారంభింతురు. కాని అట్లు చేసినచో నడిబొడ్డున చిల్లి మిగులును. నిండుచదరమునకు అది తగదు. కావున దారమును ఎడమచేతి వ్రేలికి చుట్టి, ఆ వదులైన చుట్టులోనే మొదటి వరుస కుట్లన్నియు వేసి, పిమ్మట దారపుకొనను లాగినచో నడుమ కన్ను మూసికొనిపోవును. ఆ కొనను ఒకవైపు దూర్చి వదలినచో రెండు మారులు ఉతికినంతనే మరల తెఱచుకొనును. ఒకమారు ఇటు, ఒకమారు అటు త్రిప్పి దూర్పవలెను.

కుట్టు అనగా నిలువు కుట్టు, ట్రెబుల్ అని దొరసానులు నేర్పిన కుట్టు. దారమును నాపై ఒకమారు చుట్టుకొని, క్రింది వరుస కుట్టులోనికి దూరి, దారమును పట్టి ఈవలకు లాగుదును. అప్పుడు నా మెడపై మూడు ఉచ్చులుండును. మరల దారమును పట్టి రెంటిలోనుండి లాగుదును. మరియొకమారు పట్టి మిగిలిన రెంటిలోనుండి లాగుదును. ఒక్క కుట్టునకు నాలుగుమారులు దారమును పట్టవలెను. మొదటి వరుసలో మూడేసి కుట్లు, వాని నడుమ రెండేసి చైనులు. ఆ చైనులే నాలుగు మూలలగును. రెండవ వరుసనుండి విధి ఒక్కటియే: కుట్టుమీద కుట్టు, మూలలోనికి వచ్చినప్పుడు రెండు కుట్లు, రెండు చైనులు, మరల రెండు కుట్లు. ఇట్లు ప్రతి వరుసయందును ఒక్కొక్క ప్రక్కకు నాలుగు కుట్లు పెరుగును. ప్రక్కకు 3, 7, 11, 15 అని నడచును ఆ లెక్క. మొత్తముమీద వరుసకు 16 కుట్లు హెచ్చును.

ఆ పదునాఱులోనే చదరపు ప్రాణమున్నది. ఒకటి రెండు తగ్గినచో అంచులు బిగిసి చదరము గిన్నెవలె లోనికి ముడుచుకొనును. హెచ్చినచో అంచులకు చాలినంత చోటు దొరకక అలలు తేలును. మామ్మగారి మనుమరాలు, డిగ్రీ చదువుచున్న పిల్ల, లెక్కల పాఠములమీద ప్రేమ గలది, ఒకనాడు చదివి వినిపించినది: అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున డైనా టైమిన్యా అను లాట్వియా దేశపు గణితశాస్త్రజ్ఞురాలు 1997లో కుట్లను ఒక నియమము చొప్పున పెంచుకొనుచు పోయి, హైపర్బోలిక్ తలమును క్రోషేతోనే అల్లి విద్యార్థుల చేతికిచ్చెనట. కాగితముపై గీయుటకు శ్రమపడు వక్రతలమును నా జాతి సూది చేతికందించినది. ఆ మాట విని మామ్మగారు ఆశ్చర్యపడలేదు. "కుట్లెక్కువైతే పైట కుచ్చెళ్లలా లేస్తుందని నాకెప్పుడో తెలుసు కదే" అనిరి. శాస్త్రము ఆమె వ్రేళ్లకు ముందే తెలిసియుండెను. దానికి పేరు మాత్రమే ఆమెయొద్ద లేకుండెను.

మనుమరాలు అల్లిక నేర్చినది ఈ చదరముతోనే. మూడు వరుసలు బాగుగా నడచినవి. నాలుగవ వరుసలో ఒక ప్రక్క కుట్లు 14 వచ్చినవి, 15 రావలసియుండగా. పిల్ల మరల మరల ఎంచినది. మామ్మగారు చదరమును తన చేతిలోనికి తీసికొని, మూలకుట్లను బొటనవ్రేలితో ప్రక్కకు నెట్టి చూపిరి.

"ఇదిగో చూడవే అమ్మడూ, మూలలో నాలుగు కుట్లు పడ్డాక అవి వెడల్పై పక్కనున్న మొదటి కుట్టు మీద కూచుంటాయి. అది కనబడదు. కనబడలేదని వదిలేస్తావ్. మూల తిరగ్గానే వేలితో నెట్టి చూసుకో, దాక్కున్నది బయటికొస్తుంది."

"మరి లెక్క సరిపోయినా ఇది వంకరగా పోతోందేం మామ్మా? నాలుగు పక్కలూ సమానమే, అయినా తిరుగుతోంది."

దీనికి మామ్మగారు వెంటనే బదులు చెప్పలేదు. చెప్పకుండుటయే న్యాయము; ఎందుకనగా ఆ వంక అల్లువారి దోషము గాదు, కుట్టు స్వభావము. నిలువు కుట్టు యొక్క తల దాని కాండమునకు సరిగా పైన నిలువదు. రవంత ప్రక్కకు ఒరిగియుండును. వరుసలన్నియు ఒకే దిక్కున నడచుచున్నంతకాలము ఆ ఒరుగుడు పోగుపడి చదరమును మెల్లగా త్రిప్పివేయును. చిల్లుల అల్లికలో ఇది కానరాదు, నిండుచదరములో దాచరాదు. మామ్మగారు ఆ రాత్రి రెండు చదరములు అల్లిరి. రెండవదానియందు ప్రతి వరుస ముగిసినంతనే అల్లికను వెనుకకు త్రిప్పి, మరల వచ్చిన దారిననే అల్లిరి. ఒక వరుస ఒరిగిన దిక్కునకు మఱుసటి వరుస ఎదురొరిగి, మూలలు సూటిగా నిలిచినవి. మఱునాడుదయము రెండింటిని మనుమరాలి యొడిలో పడవైచి, "ఏది బాగుందో నువ్వే చెప్పు" అని మాత్రమే అనిరి.

వరుస మొదట మూడు చైనులు వేసి వానినే ఒక నిలువు కుట్టుగా ఎంచుట వాడుక. చైనులు కుట్టుకంటె బక్కపలుచనివి గనుక, వరుసవరుసకు అదే చోట సన్నని చీలిక మూలనుండి నడుమకు గీతవలె కనబడును. దీనికి మందు మనుమరాలు కనుగొన్నది. చైనులకు బదులు పొట్టికుట్టు ఒకటి వేసి, దాని ప్రక్క దారములోనికే సూదిని దూర్చి దానిపైన మరియొక పొట్టికుట్టు నిలిపినచో, రెండును కలిసి అచ్చముగా నిలువు కుట్టు ఎత్తునకు, లావునకు వచ్చును. మామ్మగారు ఆ మూలను కన్నుల దగ్గఱకు పెట్టుకొని వెదకిరి; వరుస ఎక్కడ మొదలైనదో ఆమెకు చిక్కలేదు. ఆనాడు ఆ వృద్ధురాలి కన్నులలో చూచిన గర్వము, ఏ ప్రదర్శనశాలలో ఏ పతకము వచ్చినను నేను చూడబోను.

ఇంత విద్యను ఊరువారు ఏమనిరి? తీరిక పని యనిరి. ఇంటిపట్టున కూర్చుండి ఊసుపోక అల్లుకొందురనిరి. మరియా మీస్ అను జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు నరసాపురమునకు వచ్చి, మాయిండ్ల అరుగులమీద కూర్చుండి, అడిగి, చూచి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. లోకపు విపణికి సరకు తయారుచేయుచున్న ఈ స్త్రీలను అందరును గృహిణులనియే ఎంచుచున్నారనియు, ఆ స్త్రీలు సైతము తమ్ము తాము పనివారిగా ఎంచుకొనుట లేదనియు ఆమె వ్రాసెను. అది నిజము. నేను వారి వ్రేళ్లలో నుండి చూచితిని. వంట ముగిసిన పిదప, నీళ్లు తెచ్చిన పిదప, బిడ్డలను నిద్రపుచ్చిన పిదప నన్ను తీయుదురు. కన్నులు మంటలెత్తువఱకు అల్లుదురు. ఏమి చేయుచున్నారని ఎవరైన అడిగిన "ఏమీ లేదు, ఖాళీగా కూర్చున్నాం" అందురు. వారి చూపుడువ్రేలిపై నా కాడ ఆని ఆని గట్టిపడిన చర్మమే సాక్ష్యము. దారపు తూకపు కూలిలో మరియొక అన్యాయము కలదు: లెక్క తప్పి నాలుగు వరుసలు విప్పి మరల అల్లినచో పని రెట్టింపగును, దారము తూకము మాత్రము పెరుగదు. చైను అల్లిక చరచర సాగును, నిండుకుట్టు సాగదు. త్రాసునకు ఆ భేదము తెలియదు.

కాలము కొంత మాఱినది. నరసాపురము చేరువ లేసుపార్కు వెలసినది. స్త్రీలు సంఘములుగా ఏర్పడిరి. 2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు వచ్చుట మంచిదే, నేను మనసార సంతోషించుచున్నాను. పరదేశపు యంత్రపు లేసును మా ఊరి పేరిట అమ్ముటకు ఇక అడ్డొకటి కలదు. ఆ పేరుతోపాటు కుట్టువేసిన చేతికి ఏమి ముట్టుచున్నదన్నది మాత్రము ఇంటింట అడిగి తెలిసికొనవలసిన సంగతి.

మా యింట ఆ సంగతి నడచిన విధము చెప్పుదును. బిడ్డదుప్పటులకు చదరముల బేరము మరల వచ్చినది. ఎనిమిది వరుసల చదరములు, నూఱు కలిసి ఒక దుప్పటి. అల్లిన చదరములను తడిపి, పలుచని గంజిలో ముంచి, చెక్కపై మేకులకు సమముగా సాగదీసి ఆరబెట్టియుంచిరి. ఏజెంటు త్రాసు దించి అరుగుమీద పెట్టుకొనెను. మనుమరాలు తన నోటుపుస్తకము తెచ్చి ఆయన ప్రక్కన కూర్చుండెను.

"బాబాయ్‌గారూ, దీనికి దారం తూకం సరిపోదండి. లెక్క చూడండి. మొదటి వరుసలో 12 కుట్లు, ఎనిమిదో వరుసలో 124. ఎనిమిది వరుసలూ కలిపితే చదరానికి 544 కుట్లు. దుప్పటికి 54,400. అతుకుపని ఇందులో కలపలేదండి."

ఆయన నవ్వలేదు. పుస్తకమును తీసికొని అంకెలను చాలసేపు చూచెను. ఒక చదరమును ఎత్తి, ఒక ప్రక్క కుట్లను గోటితో ఎంచెను. ముప్పదియొకటి వచ్చినవి. మరియొక ప్రక్క ఎంచెను.

"మీ మామ్మకి ఈ లెక్కలొచ్చా?" అనెను.

"లెక్క ఆవిడదేనండి. రాసింది నేను" అని పిల్ల బదులు చెప్పెను.

ఆ దినమున త్రాసు వాడలేదు. చదరమునకింత అని ఒక ధర మాటాడుకొనిరి. అది మామ్మగారు అడిగినంత కాదు, మునుపిచ్చినదానికంటె హెచ్చు. ఆ పుటను ఎగుమతిదారునకు చూపుటకై ఏజెంటు తన ఫోనులో బొమ్మ తీసికొనెను. ఆయన వీధి మలుపు తిరుగకమునుపే వీధిలోని మూడిండ్ల ఆడువారు వచ్చి, తాము అల్లు అంచులకును, పువ్వులకును అట్టి లెక్క వ్రాసి పెట్టుమని ఆ పిల్లను అడుగుచుండిరి. మామ్మగారు మాత్రము నన్ను తీసికొని, దారమును వ్రేలికి చుట్టి, మఱుసటి చదరపు మొదటి పండ్రెండు కుట్లను వేయ నారంభించిరి.